వేదిక మీద లేని నలుగురు

స్టాక్‌హోమ్‌లో ఓ స్టూడియో. చుట్టూతా కెమెరాలు. లెక్కపెడితే 160. అన్నిటి చూపూ మధ్యలో ఉన్న ఖాళీ జాగా మీదే.

ఆ జాగాలోకి నలుగురు నడిచి వస్తున్నారు. ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. అందరూ డెబ్బైకి అటూ ఇటూగా ఉన్నవాళ్లే. ఒంటికి అతుక్కుపోయే బిగుతు దుస్తులు తొడుక్కున్నారు. దుస్తుల మీద చుక్కలు, ముఖం మీద చుక్కలు. కెమెరాలకు కావలసింది ఆ చుక్కల కదలికే. పెదవి ఎంత వంగింది, కనుబొమ ఎంత లేచింది, భుజం ఎటు తిరిగింది అన్నీ అంకెలుగా మారి కంప్యూటర్‌లోకి వెళ్లిపోతున్నాయి. గడ్డం ఉంటే ముఖంలో కదలిక సరిగా అందదు. అందుకని మగవాళ్లిద్దరూ గడ్డం తీయించుకున్నారు. ఏళ్ల తరబడి ఆ గడ్డంతోనే లోకానికి తెలిసిన మనిషి బెన్నీ ఆండర్సన్.

పాట మొదలైంది. తమదే, ఎప్పుడో వయసులో ఉన్నప్పటిది. నలుగురూ పాడుతున్నారు, ఆడుతున్నారు. ఎదురుగా ప్రేక్షకులు లేరు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఐదు వారాలు ఇలాగే. తర్వాత వయసులో ఉన్న నలుగురు డాన్సర్లు వచ్చి వీళ్ల నడకనీ ఒయ్యారాన్నీ పట్టుకుని అవే పాటలకు ఆడారు. వృద్ధుల ముఖం, కుర్రవాళ్ల ఒళ్లు, నలభై ఏళ్ల కిందటి గొంతు. వీటిని కలిపితే వచ్చిన మనుషులే నేడు లండన్‌లో కచేరి చేస్తున్నారు.

ఆ నలుగురి బృందం పేరు అబ్బా. స్వీడన్‌వాళ్లు. ఆగ్నెటా ఫాల్ట్‌స్కోగ్, బ్యోర్న్ ఉల్వేయస్, బెన్నీ ఆండర్సన్, ఆన్నీ-ఫ్రిద్ లింగ్‌స్టాడ్. చివరావిడను అందరూ ఫ్రిదా అంటారు.

*

1974 ఏప్రిల్ 6. ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో యూరోవిజన్ పాటల పోటీ. మెరుపుల దుస్తుల్లో వచ్చిన ఈ నలుగురూ ‘వాటర్లూ’ పాడి గెలిచారు. ఆ రాత్రితో వాళ్ల బతుకు వాళ్ల చేతుల్లోంచి జారి జనం చేతుల్లోకి వెళ్లింది. 1977లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రెండు కచేరీలు పెడితే, సుమారు 11,000 టిక్కెట్లకు 35 లక్షల దరఖాస్తులు వచ్చాయని చెబుతారు. టిక్కెట్ దొరకనివాళ్ల సంఖ్య ఎంతో మీరే లెక్క వేసుకోండి. వాళ్లలో చాలామందికి ఆ రోజు తర్వాత మళ్లీ అవకాశం రాలేదు. ఈ కథకు ఆ జనమే ముఖ్యం, వాళ్లను గుర్తుపెట్టుకోండి.

బృందంలో రెండు జంటలు. ఆగ్నెటా, బ్యోర్న్ 1971లో పెళ్లి చేసుకున్నారు. విడిపోతున్నామని 1979 ఆరంభంలో లోకానికి చెప్పారు. బెన్నీ, ఫ్రిదా 1978లో పెళ్లాడి 1981లో విడాకులు తీసుకున్నారు. అయినా పాడటం ఆపలేదు. ‘ద విన్నర్ టేక్స్ ఇట్ ఆల్’ 1980 నాటి పాట. విడిపోవడంలోని దుఃఖం దాని వస్తువు. రాసింది బ్యోర్న్, పాడింది ఆగ్నెటా. అది తమ కథ యథాతథంగా కాదని ఆయన చాలాసార్లు అన్నాడు. వినేవాళ్లు మాత్రం వాళ్లిద్దరి ముఖాలను తలుచుకోకుండా ఆ పాట విన్నది లేదు. మరుసటి ఏడాది ‘వెన్ ఆల్ ఈజ్ సెడ్ అండ్ డన్’ వచ్చింది. ఈసారి పాడింది ఫ్రిదా, వెనక ఉన్నది ఆమె సొంత కాపురం కూలిన బాధ.

1982 డిసెంబరులో ఒక బ్రిటిష్ టీవీ కార్యక్రమం కోసం స్టాక్‌హోమ్ నుంచే పాడారు. బృందంగా జనం ముందు పాడటం అదే ఆఖరు. విడిపోతున్నామన్న ప్రకటన లేదు, వీడ్కోలు కచేరీ లేదు. అభిమానులను ఇన్నేళ్లూ వెంటాడింది ఇదే. తలుపు వేసినట్టు చప్పుడు కాలేదు కాబట్టి, ఎప్పుడో తెరుచుకుంటుందని ఎదురుచూశారు. 2000లో మళ్లీ కలిసి పర్యటిస్తే వంద కోట్ల డాలర్లు ఇస్తామని ఎవరో ముందుకొస్తే, నలుగురూ కాదన్నారు.

*

2022 మే నెల. తూర్పు లండన్, పుడ్డింగ్ మిల్ లేన్. ఈ ఒక్క ప్రదర్శన కోసమే కట్టిన హాలు. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి, మరోచోటికి తరలించి మళ్లీ బిగించుకోవచ్చు. లోపల 3,000 మంది పడతారు. మొత్తం ఖర్చు 14 కోట్ల పౌండ్లు.

రాత్రి ప్రదర్శనకు జనం వస్తున్నారు. అరవై దాటినవాళ్లు తెల్లని ఎత్తు మడమల బూట్లలో, శాటిన్ చొక్కాల్లో. వాళ్ల పక్కన వాళ్ల కూతుళ్లు. ఆ పక్కన ఈ పాటలు పుట్టినప్పటికి తల్లిదండ్రులు కూడా పుట్టని పిల్లలు. వేదిక ముందు నిలబడి ఆడే చోటు నిండిపోయింది. ఫోన్లు తీయొద్దని ముందే చెప్పారు.

దీపాలు ఆరాయి. వేదిక నేలలోంచి నాలుగు ఆకారాలు పైకి లేచాయి. ‘ద విజిటర్స్’ మొదలైంది. వెలుగు పడింది. 1979లో ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు. జుట్టు పోగులు ఊగుతున్నాయి. తళుకు దుస్తుల మీద పడిన వెలుగు కదులుతోంది. జనం ఒక్కసారిగా కేక పెట్టారు.

ఇది గాలిలో నిలిపిన హోలోగ్రామ్ కాదు. ఎదురుగా ఉన్నది ఆరున్నర కోట్ల పిక్సెళ్ల ఎల్‌ఈడీ తెర. దాని మీద కదిలే బొమ్మలు, అంటే అవతార్లు, నిలువెత్తు మనుషులంత ఉంటాయి. తెరలోపల దీపం ఎటు తిరిగితే హాల్లో కట్టిన అసలు దీపం కూడా అటే తిరుగుతుంది. తెర అంచు ఎక్కడ ఆగిందో, హాలు ఎక్కడ మొదలైందో కంటికి అందదు. పనితనం అంతా అక్కడే ఉంది. బొమ్మలను చెక్కింది ‘స్టార్ వార్స్’ కోసం జార్జ్ లూకాస్ స్థాపించిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ. దర్శకుడు బెయిలీ వాల్ష్, నృత్యం కూర్చింది వేన్ మెక్‌గ్రెగర్. వేదిక పక్కన పది మంది వాద్యకారులు మాత్రం రక్తమాంసాలున్న మనుషులు, అక్కడికక్కడే వాయిస్తారు. అవతార్ల నోటినుంచి వచ్చేవి రికార్డింగుల్లోని అసలు గొంతులు.

మధ్యలో అవతార్లు పక్కకు తప్పుకుని, 1974 నాటి ‘వాటర్లూ’ అసలు ఫిల్మ్‌ను తెర మీద వేస్తారు. ఇంత ఖర్చుపెట్టి కొత్త మనుషులను చేసినవాళ్లు, ఆ ఒక్క పాటను మాత్రం ముట్టుకోలేదు. వాళ్ల విచక్షణకు నేను చేతులెత్తి దండం పెడతాను. ఆ పాత ఫిల్మ్‌లో ఆ నలుగురికీ ముందేం జరగబోతోందో తెలియదు. ఆ తెలియనితనాన్ని ఏ కంప్యూటరూ తయారు చేయలేదు.

*

ఇక ఆ 3,000 మంది మనసులో ఏముంది?

ఏడ్చేవాళ్లు చాలామంది. ఒకటి రెండు పాటల్లోనే ఎదురుగా ఉన్నది తెర అన్న సంగతి మరిచిపోయామని చెప్పేవాళ్లు ఉన్నారు. 1977లో టిక్కెట్ దొరకనివాళ్లకు ఇది బాకీ తీరడమే. 1979 నవంబరులో వెంబ్లీలో ఆరు రాత్రులు జరిగిన కచేరీలకు చేతిలో డబ్బు లేకో, ఇంట్లో పంపకో వెళ్లలేకపోయిన పదిహేనేళ్ల పిల్లకు ఇప్పుడు అరవై దగ్గర. ఆ పిల్ల ఇన్నాళ్లూ ఆవిడ లోపలే ఉంది. ఈ రాత్రి ఆ పిల్లనే తీసుకొచ్చింది.

అదే వరసలో, అదే వయసు మనిషికి ఇంకోలా ఉంటుంది. పాట అయ్యాక చప్పట్లు కొట్టబోయి చేతులు ఆగిపోతాయి. ఎవరికి కొట్టాలి? స్వీడన్‌లో తన ఇంట్లో ఉన్న ఆగ్నెటాకు ఈ చప్పట్లు వినబడవు. ఈ వేదిక మీది ఆగ్నెటాకు చెవులు లేవు. అవతార్ నవ్వుతూ మనవైపు చూస్తుంది, కానీ ఆ చూపు నిన్న రాత్రి వచ్చినవాళ్ల మీదా ఇలాగే పడింది, రేపు వచ్చేవాళ్ల మీదా ఇలాగే పడుతుంది. కచేరీకి మనిషి వెళ్లేది పాట వినడానికి మాత్రమే అయితే ఇంట్లో రికార్డు చాలు. పాడే మనిషికి ఆ రాత్రి జలుబు చేయొచ్చు, మాట మరిచిపోవచ్చు, గొంతు వణకొచ్చు, ముందు వరసలో ఎవరో ఏడుస్తుంటే చూసి ఒక్క క్షణం తడబడొచ్చు. వెళ్లేది దానికోసం. ఇక్కడ అది జరగదు.

ఈ రెండు రకాలవాళ్లూ వేర్వేరు మనుషులని అనుకుంటే పొరపాటు. చాలాసార్లు ఒకే మనిషి. ‘మమ్మా మియా’కు ఎగిరి గంతేసి, మూడు నిమిషాల తర్వాత ఎందుకో బోసిపోయినట్టు నిలబడే మనిషి. ఇంటికొచ్చాక బాగుందని అందరికీ చెప్పి, నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లే మనిషి.

తెలుగువాళ్లకు ఇది అంత వింతగా తోచదు. ఈ ప్రదర్శన మొదలైన ఏడాదే, ఆగస్టులో మహేశ్ బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ని 4కేలో మళ్లీ విడుదల చేస్తే థియేటర్లలో జరిగిన సందడి మనం చూశాం. సెప్టెంబరులో ‘జల్సా’కూ అదే వరస. ‘పోకిరి’ వచ్చి అప్పటికి 16 ఏళ్లు, ప్రతి డైలాగూ జనానికి ముందే తెలుసు. తెర మీది హీరోకి మనం కనబడమనీ తెలుసు. అయినా కాగితాలు ఎగరేశారు, తెర ముందుకెళ్లి ఆడారు. ఆ ఆట తెర కోసం కాదు. పక్కన భుజం మీద చెయ్యేసిన స్నేహితుడి కోసం, 2006లో తాము ఎలా ఉన్నారో ఆ వయసు కోసం. లండన్ హాల్లోనూ నిజంగా ప్రాణమున్న భాగం నేల మీద ఆడుతున్న జనమే. ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకుని పాడుకుంటున్నారు. ఆ చూపులకు మాత్రం జవాబు వస్తుంది.

*

నన్ను ఎక్కువగా కదిలించేది, కలవరపెట్టేది కూడా, ముఖానికీ గొంతుకూ కుదరని కాలం.

అవతార్ల వయసు 1979 దగ్గర ఆగింది. ఆ ముఖంతో ఆగ్నెటా ‘ద విన్నర్ టేక్స్ ఇట్ ఆల్’ పాడుతుంది. ఆ పాట పుట్టింది 1980లో. ఆ ముఖంతో ఫ్రిదా ‘వెన్ ఆల్ ఈజ్ సెడ్ అండ్ డన్’ పాడుతుంది. 1979 నాటి ఫ్రిదాకు బెన్నీతో పెళ్లయి ఏడాది. విడాకులు ఇంకా రెండేళ్ల దూరం. 1998లో కూతుర్ని, 1999లో మూడో భర్తను వరసగా పోగొట్టుకోబోతోందని ఆ ముఖానికి తెలియదు. ఇంకా పడని దెబ్బకు ముందే ఏడుస్తున్న మనిషిని చూస్తున్నాం మనం.

రెండు కొత్త పాటలు మరీ విచిత్రం. 2018లో, 35 ఏళ్ల తర్వాత మళ్లీ కలిసి రెండు పాటలు రికార్డు చేశామని ఈ నలుగురూ చెప్పారు. ‘ఐ స్టిల్ హ్యావ్ ఫెయిత్ ఇన్ యు’, ‘డోంట్ షట్ మి డౌన్’. 2021 నవంబరులో వచ్చిన ‘వాయేజ్’ ఆల్బమ్‌లో అవి ఉన్నాయి. ఆ గొంతులు కిందికి దిగాయి, బరువెక్కాయి. డెబ్బైకి అటూ ఇటూగా ఉన్న ఆడవాళ్ల గొంతులని ఎవరికైనా తెలుస్తుంది. ముడత లేని ముఖంలోంచి ఆ గొంతు వస్తుంటే, అభిమాని కళ్లు ఒకటి చెబుతాయి, చెవులు ఇంకోటి చెబుతాయి. నా మట్టుకు చెవుల మాటే నమ్ముతాను. ఆ పాత ముఖం కంటే ఈ పాతబడిన గొంతు అందమైనది. ఆ వయసు ముఖాన్ని, గడ్డం తెల్లబడిన బెన్నీని, నెరిసిన బ్యోర్న్‌ను వేదిక మీద చూసే ధైర్యం మనకు ఉండాల్సింది. వాళ్లకూ ఉండాల్సింది. ఆడగాయని ముసలిదైతే చూడలేని లోకంలో, ఆగ్నెటా తన 29వ ఏట ఆగిపోవడానికి ఒప్పుకుందంటే ఆమెను తప్పు పట్టలేను. లోకాన్ని పడతాను.

ప్రదర్శన చివర్లో ఒక చిన్న పని చేశారు. వంగి సెలవు తీసుకునే వేళ అవతార్లు 1979 రూపం వదిలి, నేటి వయసు రూపంలో కనబడతాయి. అవీ బొమ్మలే. కానీ జనం ఆ నెరిసిన తలలను చూసి మరింత గట్టిగా అరుస్తారు. 2022 మే 26న, ప్రారంభానికి ముందు రాత్రి, ఆ నలుగురు అసలు మనుషులే హాలుకొచ్చి చివర్లో వేదిక ఎక్కారు. ఆ రాత్రి అక్కడున్నవాళ్ల అదృష్టానికి నాకు అసూయ.

*

ఇంతవరకూ చెప్పింది తమ ఇష్టంతో, తమ కాళ్ల మీద నడిచొచ్చి, చుక్కల దుస్తులు తొడుక్కున్నవాళ్ల కథ. అభిమాని కన్నీటికి అక్కడ ఒక ఆధారం ఉంది. ఈ పెదవి ఇలా వంగింది అంటే, నిజంగానే ఆమె అలా వంచింది. ఏ పాట ఉండాలో, ఏది వద్దో వాళ్లు ఒప్పుకున్నాకే తెర మీదికొచ్చింది.

2012 ఏప్రిల్‌లో అమెరికాలోని కోచెల్లా ఉత్సవంలో జరిగింది వేరు. ర్యాపర్ టుపాక్ షకుర్ చనిపోయింది 1996లో. వేదిక మీద ఆయన రూపం వెలిగింది, ‘కోచెల్లా’ అని పేరు పెట్టి జనాన్ని పలకరించింది. ఆ ఉత్సవం పుట్టిందే 1999లో. ఆయన బతికుండగా లేని ఉత్సవానికి ఆయన నోటితో స్వాగతం పలికించారు. విట్నీ హ్యూస్టన్ 2012లో పోయింది. 2020లో ఆమె రూపాన్ని పర్యటనకు పంపితే, ఆమెను ప్రాణంగా ప్రేమించినవాళ్లలోనే చాలామంది మొహం తిప్పుకున్నారు. నాకు వాళ్ల పక్షమే సబబనిపిస్తుంది.

రాక్ బృందం కిస్ 2023 డిసెంబరు 2న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చివరి కచేరి చేసి, అది ముగిసిన వెంటనే తమ అవతార్లను చూపించింది. ఏళ్ల తరబడి వీడ్కోలు చెబుతూ వచ్చిన అభిమానులకు కంటి తడి ఆరకముందే కొత్త దుకాణం తెరుచుకుంది. సమ్మతి ఉంది, నిజమే. కాస్త ఆగి ఉండాల్సింది.

*

మన ఇంటి సంగతికి వస్తాను. 2020 సెప్టెంబరు 25న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పోయారు. 2023లో వచ్చిన ‘కీడా కోలా’ సినిమాలో ఆయన గొంతును కృత్రిమ మేధతో పుట్టించి వాడారు. కుటుంబాన్ని అడగలేదంటూ కుమారుడు చరణ్ 2024 ఆరంభంలో లీగల్ నోటీసు పంపారు. సరిగ్గా ఆ రోజుల్లోనే తమిళంలో ‘లాల్ సలాం’ కోసం ఎ.ఆర్. రెహమాన్ ఇద్దరు దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను మళ్లీ వినిపించారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని చెప్పారు. పద్ధతి తెలిసిన పని అది. అయినా ఒక సందేహం మిగులుతుంది. కొడుకో కూతురో ఇచ్చిన అనుమతి, పాడిన మనిషి ఇచ్చినదాంతో సమానమా? తన గొంతు ఏ పాట పాడాలో, ఏది పాడకూడదో బాలుగారికి గట్టి ఇష్టాలు ఉండేవి. ఆయన వద్దనుకున్న పాటను రేపు ఆయన గొంతుతో ఎవరైనా పాడిస్తే, ఆయన బదులు ఎవరు వద్దంటారు?

బతికున్నవాళ్లు కోర్టుకెక్కుతున్నారు. తన గొంతును కృత్రిమంగా పుట్టించడంపై అరిజిత్ సింగ్ 2024లో బాంబే హైకోర్టు నుంచి రక్షణ పొందారు. తన పేరు, రూపం దుర్వినియోగం కాకుండా నాగార్జున 2025లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. తెర మీది అవతార్‌గా మారిన బ్యోర్న్ ఉల్వేయస్ కూడా, రచయితల, స్వరకర్తల హక్కుల సంఘాల అంతర్జాతీయ సమాఖ్యకు అధ్యక్షుడిగా ఉండి, కళాకారులను అడగకుండా వాళ్ల కృతులను కృత్రిమ మేధకు మేపడాన్ని వ్యతిరేకిస్తున్నాడు. రెండింటికీ పొంతన లేదనుకోవద్దు. అడిగి చేయడానికీ అడగకుండా చేయడానికీ ఉన్న తేడా ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మరో పదేళ్లలో ఇంతటి హాలు మన హైదరాబాద్‌లోనూ వెలిస్తే నేను ఆశ్చర్యపోను. ఘంటసాల వేదిక మీద నిలబడతారు, సుశీలమ్మ పాతికేళ్ల వయసులో పక్కన నిలబడి పాడతారు, మనం ఏడుస్తాం. ఆ ఏడుపు నిజమైనదే అవుతుంది. కానీ ఆ రోజు రాకముందే, ఇప్పుడు పాడుతున్న ప్రతి గాయకుడికీ గాయనికీ నాదొక విన్నపం. ఇల్లు, పొలం ఎవరికి చెందాలో వీలునామాలో రాసినట్టే, మీ గొంతూ మీ ముఖమూ మీ తర్వాత పాడొచ్చో లేదో, పాడితే ఎవరి అనుమతితో, ఏ పాటలు, ఏ వయసు రూపంలో అన్నది మీ చేత్తో, మీ సంతకంతో ఇప్పుడే రాసిపెట్టండి. మీరు వద్దంటే మేము వద్దనే అనుకుంటాం. మీ రికార్డులు మాకు చాలు.